ఆపకూడని యంత్రం

మారప్ప ఆ మధ్యాహ్నం మూడో బ్యాటరీ కంటైనర్‌లోకి వెళ్లింది ఏసీ జాలీల్లో పేరుకున్న దుమ్ము దులపడానికి. వల్లూరు సోలార్ పార్కులో కొన్నేళ్లుగా అతని పని అదే. మొదట్లో సోలార్ పలకలు కడిగే గుంపులో ఉండేవాడు. మోకాళ్లు నొప్పులంటే నీడపట్టున ఈ పని ఇచ్చారు. జాలీ ఊడదీసి బ్రష్షుతో కొడుతుంటే ఎర్రదుమ్ము లేచి పైకప్పు దాకా పోయింది. అంతలో తలమీద దీపం ఎర్రగా వెలిగింది. ఏసీ ఆగిపోయింది. గాలి కంతల మీద రేకు మూతలు టపటపా పడ్డాయి. అతను దగ్గుకుంటూ తలుపు దగ్గరికి వచ్చేసరికి బయట ఉక్కు షట్టర్ దిగుతున్న చప్పుడు వినిపించింది. తలుపుకున్న అడ్డపట్టీని నొక్కాడు. తలుపు రెండు వేళ్ల సందు తెరుచుకుని, షట్టర్‌కు తగిలి ఆగిపోయింది.

అది లారీ మీద వచ్చే ఇనుప పెట్టె. రెండు పక్కలా బీరువాల్లా బ్యాటరీలు, మధ్యలో ఒక మనిషి నడిచేంత సందు. పగలు పలకలు చేసిన కరెంటును దాచి, పొద్దు గూకాక లైనుకు పంపే పెట్టె. తలుపు పక్కనే ఉన్న ఇంటర్‌కమ్ బటన్ మీద మారప్ప బొటనవేలు పెట్టి నొక్కాడు.

"మంజూ, షట్టర్ పడిపోయినాది. రవ్వంత ఎత్తు పాపా."

కంట్రోల్ రూమ్‌లో ఆ మాట విన్న మంజుశ్రీ కుర్చీలోంచి లేచి నిలబడింది. ఆమెదీ వల్లూరే. తుమకూరులో ఇంజనీరింగ్ చదివి, కొన్నాళ్లు బెంగళూరులో పనిచేసి, ఇంటికి దగ్గరని ఈ పార్కులో చేరింది. మారప్ప ఆమెకు వరసకు మేనమామ. తెర మీద మూడో కంటైనర్ ఎర్రగా ఉంది. గ్యాస్ హెచ్చరిక.

"మామా, నువ్వు లోపల ఉండావా?"

"లోపలే ఉండా. బ్రష్షు కొడతాంటే పడిపోయినాది."

ఆమె షట్టర్ ఎత్తే బటన్ నొక్కింది. యంత్రం ఒప్పుకోలేదు. లోపల గ్యాస్ ఉన్నంతసేపు తలుపు తెరవకూడదని దానికి నేర్పించారు. బ్యాటరీ చెడిపోతే మండే గ్యాస్ వదులుతుంది, ఆ సమయంలో ఎవరూ లోపలికి పోకూడదు. లోపలే ఉన్న మనిషి గురించి ఎవరూ ఆలోచించలేదని అనలేం. తలుపుకు అడ్డపట్టీ పెట్టింది అందుకే. కానీ పోయిన ఏడు రాగి కేబుళ్ల దొంగతనాలు మొదలయ్యాక ఒక కాంట్రాక్టర్ చేత తలుపు బయట మోటారు షట్టర్ పెట్టించారు. దానికి చేత్తో లాగే గొలుసు కూడా ఉండేది. గొలుసు ఉంటే దొంగలూ లాగుతారని దాన్నీ తీసేశారు.

మంజుశ్రీ ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని కంటైనర్ దగ్గరికి పరుగెత్తింది. దాని పక్కన రేకుల నీడలో ఒక ఇనుప అల్మారా ఉంటుంది. అందులోని కంట్రోలర్ అనే చిన్న కంప్యూటరే ఆ పెట్టెకు బుర్ర. గ్యాస్, వేడి, షట్టర్, ఏసీ అన్నీ దాని చేతిలోనే. లోపలి మనిషితో మాట్లాడటానికి అల్మారాకు ఒక స్పీకర్ ఉంది.

షిఫ్ట్ ఇన్‌చార్జి వీరేశ్ అప్పటికే అక్కడ ఉన్నాడు. వెంకటమ్మనహళ్లి మనిషి, నలభై దాటినవాడు. ఎప్పుడూ నెత్తిన ఉండే హెల్మెట్ చేతిలోకి వచ్చింది.

"కంట్రోలర్‌ను ఆపేసి మళ్లీ ఆన్ చేద్దామా?" అన్నాడు. అంటూనే తనే తల అడ్డంగా తిప్పాడు. "వద్దొద్దు. సిలిండర్లు ఉండాయి."

ఆ పెట్టెలో ఒక మూల జాలీ తలుపు వేసిన గూడులో మూడు ఎర్ర సిలిండర్లు ఉన్నాయి. మంటలొస్తే వాటిలోని గ్యాస్ బయటికొచ్చి గాలిని తరిమేస్తుంది. నిప్పుకు ఊపిరి అందదు. మనిషికీ అందదు. కంట్రోలర్ హఠాత్తుగా ఆగిపోతే, అది మంటల్లో కాలిపోయిందనుకుని సిలిండర్లు వాటంతట అవే విడుదలవుతాయి. గూడు తాళంచెవి నిప్పు ఆర్పే సామాను చూసే కాంట్రాక్టర్ దగ్గర బెంగళూరులో ఉంది. మారప్ప జాలీని రెండు చేతులా పట్టుకుని ఊపి చూశాడు. వేళ్లు కోసుకోవడమే తప్ప అది వంగలేదు.

పావగడ నుంచి ఫైరింజన్ వచ్చింది. ఆఫీసర్ షట్టర్‌ను తట్టి చూసి, అల్మారా తెర మీద గ్యాస్ అంకె చూశాడు.

"గ్యాస్ ఉందంటోంది. గ్రైండర్ పెడితే ఒక్క రవ్వ చాలు. నిప్పురవ్వ రాకుండా కోసే మిషన్ తుమకూరులో ఉంది. చెప్పాను. కానీ రావడానికి టైమ్ పడుతుంది."

టైమ్ లేదు. ఏసీ ఆగిన ఇనుప పెట్టె, బయట చైత్రం ఎండ, లోపల ఆపలేని బ్యాటరీల వేడి. తెర మీద లోపలి వేడి నలభై రెండు డిగ్రీలు. అది యాభై ఏడుకు చేరితే మంటలొచ్చాయనుకుని కంట్రోలర్ తనే సిలిండర్లు తెరుస్తుంది.

నల్లమ్మ వచ్చింది. మారప్ప భార్య. పలకల సందుల్లో గడ్డి కోసే పనిలో ఉంటుంది. ఎవరో చెప్పగానే కొడవలి చేతిలో అలాగే పట్టుకుని వచ్చేసింది. ఎవరినీ ఏమీ అడగలేదు. నేరుగా కంటైనర్ గోడ దగ్గరికి వెళ్లి కొడవలి పిడితో రెండుసార్లు కొట్టింది. లోపలి నుంచి రెండు దెబ్బలు జవాబు వచ్చాయి. అప్పుడు ఆ వేడి గోడకు కొంగు మడిచి అడ్డం పెట్టుకుని ఆనుకుని కూర్చుంది.

మంజుశ్రీ తెర మీద గ్యాస్ అంకెనే చూస్తోంది. ఆమెకు ఒకటి తేడాగా అనిపించింది. సెన్సార్ అంకెలు ఎప్పుడూ కుదురుగా ఉండవు, చివరి అంకె అటూ ఇటూ కదులుతూనే ఉంటుంది. వేడి అంకె కదులుతోంది. గ్యాస్ అంకె మేకు కొట్టినట్టు నిలబడి ఉంది.

ఆమె కంట్రోలర్ తయారుచేసిన కంపెనీకి ఫోన్ చేసింది. బెంగళూరులో ధనలక్ష్మి అనే ఇంజనీర్ పలికింది. ఆమెది మడకశిర వైపు ఊరు. మంజుశ్రీ గొంతు వినగానే ఇంగ్లీషు వదిలేసి తెలుగులోకి వచ్చేసింది. మంజుశ్రీ పంపిన లాగ్, అంటే కంట్రోలర్ రాసుకున్న చిట్టా, చూడటానికి ఆమెకు ఎక్కువసేపు పట్టలేదు.

"నీ అనుమానం నిజమే. ఆ అంకె చచ్చిపోయినాది. దుమ్ముకు సెన్సార్ ఒక్కసారి ఎక్కువ చూపించినట్టుండాది. ఆ తర్వాత మా డ్రైవర్, అంటే సెన్సార్‌ను నడిపే ప్రోగ్రాం, మళ్లీ ఎంత అని అడిగినాది. జవాబు దారిలో యాడో పోయినాది. ఇంతసేపే కాచుకోవల్ల అని మా వాళ్లు రాయలే. అది ఇంకా కాచుకోని ఉండాది."

"అంటే గ్యాస్ లేదా మేడమ్?"

"లేదని నేను చెప్పలేను. ఉందో లేదో ఇప్పుడు ఎవురికీ తెల్దు. ఆ తప్పు సరిచేసిన డ్రైవర్ పోయిన నెల్లోనే మీకు పంపినాం. ప్లాంట్ ఆపినప్పుడు వేసుకోమన్నాం."

వీరేశ్ నేల చూశాడు. ప్లాంట్ ఆపలేదు. ఆపడానికి పైవాళ్లు ఒప్పుకోలేదు, అతనూ గట్టిగా అడగలేదు.

"ఆపకుండా వేసేకి కాదా?" అని అడిగింది మంజుశ్రీ.

ధనలక్ష్మి నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టింది. కంప్యూటర్‌లో అన్నిటికీ అడుగున ఉండే ప్రోగ్రాం పేరు కర్నెల్. సెన్సార్ డ్రైవర్ అందులో ఒక ముక్క, ఒక మాడ్యూల్. అది ఒకసారి మెమరీలోకి ఎక్కాక దాని కోడ్‌కు తాళం పడుతుంది. చదవొచ్చు, నడపొచ్చు, తిరగరాయడానికి వీల్లేదు. దొంగ ప్రోగ్రాంలు దూరి కర్నెల్‌ను మార్చేయకుండా ఆ కాపలా. ఈ కంట్రోలర్లకు వాళ్ల కంపెనీ ఇంకో కాపలా కూడా పెట్టింది. తాళం పడిన చోట ఎవరైనా రాయబోతే కంట్రోలర్ అక్కడికక్కడే తనను తాను ఆపేసుకుంటుంది.

"ఆగిపోతే..." అంది మంజుశ్రీ.

"అవును."

వీరేశ్ ఇంకో ఫోన్‌లో తన పైఅధికారితో మాట్లాడుతున్నాడు. అటు నుంచి వచ్చిన మాటనే ఇటు అందించాడు. "మేడమ్, ఆ కాపలా మొత్తం తీసేసి, తప్పున్న లైను ఒక్కటి మార్చేస్తే పోలేదా అంటాండారు."

"నా టేబుల్ మీద ఇట్లాంటి కంట్రోలరే ఉండాది. దాని మీద చేసి చూస్తా. ఫోన్ పెట్టొద్దండి," అంది ధనలక్ష్మి.

వాళ్లు ఎదురుచూశారు. స్పీకర్‌లో మారప్ప ఊపిరి వినిపిస్తోంది. మొదట్లో అతను బాగానే మాట్లాడాడు. "పెనం మీద రొట్టె మాదిరి ఉండాప్పా. తిరగేసేకి ఎవురూ లేరు," అని నవ్వాడు కూడా. ఇప్పుడు అడిగితేనే పలుకుతున్నాడు. వెంట తెచ్చుకున్న నీళ్ల సీసా అయిపోయింది. మంజుశ్రీ అతన్ని నేల మీద పడుకోమంది, వేడి పైకి పోతుంది కాబట్టి. పడుకుంటే పైకప్పు మీదికి దిగినట్టు ఉంటోందని అతను లేచి కూర్చుంటున్నాడు.

"మామా, కళ్లు మూసుకో. పైకప్పు చూడొద్దు."

"మూసుకుంటే ఇంకా దగ్గరికొస్తాది పాపా. నేను గొర్రెలు కాసినోణ్ణి. రాత్రి పండుకున్నా నాకు పైన చుక్కలే ఉండె. ఇట్లా డబ్బాలో..." మాట మధ్యలో ఆపేశాడు.

ఫోన్‌లో ధనలక్ష్మి గొంతు వచ్చింది. "పోయినాది. నా కంట్రోలర్ చచ్చిపోయినాది."

అందులో నాలుగు కోర్లు ఉంటాయి, ఒకే వంటింట్లో నలుగురు పనివాళ్లలా. ఒకటి ఆ లైను మారుస్తుండగా, ఇంకోటి అదే లైను నడుపుతూ అక్కడికొచ్చింది. సగం పాతది, సగం కొత్తది. అర్థంలేని ఆజ్ఞ. అంతే, మొత్తం కూలిపోయింది. వీరేశ్ ఫోన్ చెవి దగ్గర నుంచి దించి జేబులో పెట్టుకున్నాడు. పైఅధికారి ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు.

"ఇంకో దారి ఉండాది," అంది ధనలక్ష్మి. "పాత కోడ్‌ను ముట్టుకోకుండా, కొత్త కోడ్‌ను వేరే చోట పెడతాం. పాతదాని మొదట్లో మలుపు పెట్టేకి రవ్వంత జాగా ఖాళీగా వదిలింటారు. ఆడ 'ఇటు పో' అని ఒక్క గుర్తు పెడతాం. దాన్ని ఎట్ల రాయల్లనో కర్నెల్‌కే తెలుసు, కోర్లన్నిటినీ సర్దుకోని రాస్తాది. మా కాపలా కూడా ఒప్పుకుంటాది. ఈ కొత్త ముక్కను ప్యాచ్ అంటాం. దాని మీద మా ముద్ర ఉండల్ల, అల్మారాలో తాళంచెవి మెయింటెనెన్స్ పక్కకు తిప్పి ఉండల్ల."

ఆ తాళంచెవి వీరేశ్ నడుము గుత్తిలోనే ఉంది. అతను తీయబోతే గుత్తి చేతిలోంచి జారి దుమ్ములో పడింది.

ధనలక్ష్మి ఇంకో కంట్రోలర్ తెప్పించుకుని, ప్యాచ్ తయారుచేసి, దాని మీద వేసి చూసి పంపింది. ఈలోగా వేడి నలభై తొమ్మిదికి ఎక్కింది. తుమకూరు మిషన్ ఇంకా మధుగిరి కూడా దాటలేదని ఆఫీసర్ వచ్చి చెప్పాడు. నల్లమ్మ అప్పుడప్పుడు గోడ కొడుతోంది. లోపలి దెబ్బ ఆలస్యంగా వస్తోంది, మెత్తగా వస్తోంది.

మంజుశ్రీ ప్యాచ్‌ను కంట్రోలర్‌లోకి పంపింది. వీరేశ్ తాళంచెవి తిప్పి పట్టుకున్నాడు. ఎంటర్ నొక్కే ముందు ఆమె చేయి ఒక్కసారి కంటైనర్ గోడ వైపు పోయి, ముట్టుకోకుండానే వెనక్కి వచ్చింది. నొక్కింది. కంట్రోలర్ ఆగలేదు. పచ్చదీపం వెలుగుతూనే ఉంది. వీరేశ్ గట్టిగా ఊపిరి వదిలాడు.

కానీ గ్యాస్ అంకె కదలలేదు.

"మేడమ్, ప్యాచ్ ఎక్కినాది. పని పూర్తి కాలేదని చూపిస్తాండాది. అట్లే నిలబడిపోయినాది."

"నాకు దీని గురించే భయం. జవాబుకు కాచుకోని ఉండే పని పాత కోడ్ లోపలే నిద్రపోతాండాది. కొత్త దారి మొదట్లో పెట్టినాం కదా. అది ఆ మొదలు ఎప్పుడో దాటి లోపలికి పోయింది. బయటికి వస్తేగానీ కొత్తదాంట్లోకి రాదు. జవాబు వస్తేగానీ బయటికి రాదు."

"జవాబు రాదు."

"రాదు. లేదంటే సెన్సార్ వైరు తెగిపోవల్ల. వైరు ఊడితే అది లేస్తాది."

సెన్సార్ కంటైనర్ లోపల, పైకప్పు కింద ఉంది.

ఆ తర్వాత ధనలక్ష్మి చెప్పింది మంజుశ్రీ రెండుసార్లు చెప్పించుకుంది. వైరు పీకగానే నిద్రపోతున్న పని లేచి, ఇప్పుడేం చేయాలి అని నిర్ణయించే భాగం దగ్గరికి పోతుంది. పాత భాగానికి వైరు తెగడమంటే మంటలు. సిలిండర్లు తెరుస్తుంది. కొత్త భాగానికి వైరు తెగడమంటే ఏమీ తెలియకపోవడం. మూతలు తీసి, గాలి వదిలి, తలుపు మనిషి చేతికి ఇస్తుంది. పాత కోడ్‌లో నిద్రపోయిన పనిని కర్నెల్ పాతదిగానే చూస్తుంది కాబట్టి పాత భాగానికే పంపుతుంది. అయితే బలవంతంగా దాని మీద 'కొత్తది' అనే ముద్ర వేయొచ్చు. మామూలుగా అలా చేయకూడదు. పాత కోడ్ నుంచి లేచిన పని కొత్త కోడ్‌తో పొసగకపోతే కర్నెల్ కూలిపోతుంది. ఇక్కడ పొసగుతుందని ధనలక్ష్మి నమ్మకం.

"టేబుల్ మీద చేసినాను. పని చేసినాది. కానీ నాది ఇందాక ఆన్ చేసిన బాక్సు. మీది నెలల తరబడి ఆగకుండా నడిచినాది. దాని మెమరీలో ఇంకేముందో నేను చూడలే. నీకు అబద్ధం చెప్పను మంజుశ్రీ."

వీరేశ్ గొంతు తగ్గించాడు. "ఆయప్పకు ఇదంతా చెప్పొద్దు. వైరు పీకమని మాత్రం చెప్పు. భయపడితే చేతులు ఆడవు."

మంజుశ్రీ అతని వైపు చూసింది. అతని కళ్లు ఎర్రబడి ఉన్నాయి. అతను చెడ్డమాట అనలేదని ఆమెకు తెలుసు. అయినా తల అడ్డంగా తిప్పింది.

"సార్, చేసేది నేను. చచ్చేది ఆయన. చెప్పకుండా ఎట్ల చేయిస్తా?"

నల్లమ్మ లేచి వచ్చి ఎప్పుడు వెనక నిలబడిందో ఎవరూ చూడలేదు. "ఆ గ్యాస్ వదిలితే ఏమయితాది మే?" అని అడిగింది.

"ఊపిరి ఆడదు అత్తా. శానాసేపు పట్టదు."

"వదలకపోతే?"

"వేడి ఇట్లే ఎక్కితే ఎట్లయినా వదుల్తాది. లేదంటే ముందే వేడికి..."

నల్లమ్మ ఇక వినలేదు. స్పీకర్ దగ్గరికి నడిచింది. మంజుశ్రీ పక్కన నిలబడి బటన్ నొక్కింది.

"మామా, వింటాండావా?"

"ఊ."

"తలుపు పైన తెల్ల డబ్బా ఒకటి ఉండాది. దానికి ఒకే వైరు. అది పీకల్ల. పీకితే తలుపు తెరిచేకి అవుతాది అనుకుంటాండాం. కానీ మేం చేసింది తప్పయితే ఎర్ర సిలిండర్లు వదిలేస్తాయి. అప్పుడు నిన్ను బయటికి తీసేకి టైమ్ ఉండదు. పీకకుండా కూర్చున్నా వేడికి అవి వదిలే మాదిరే ఉండాది. నీకు దాచిపెట్టేది ఏమీ లేదు మామా."

స్పీకర్‌లో సిలిండర్ల జాలీని ఒకసారి ఊపిన చప్పుడు వచ్చింది.

"నువ్వయితే పీకుతావా పాపా?"

"పీకుతా," అంది మంజుశ్రీ. "ఏడ్చుకుంటా పీకుతా."

"నల్లమ్మ ఉండాదా ఆడ?"

"ఈడే ఉండా," అంది నల్లమ్మ.

"మే, నేను ఒకవేళ..."

"మాటలు బయటికొచ్చినాక చెప్పు. ఇప్పుడు లెయ్. పీకు."

మంజుశ్రీ ల్యాప్‌టాప్ ముందు నేల మీద కూర్చుంది. ముందు ముద్ర వేయాలి, తర్వాతే వైరు. తారుమారైతే అంతా పోతుంది. "మామా, నేను చెప్పేదాకా ముట్టుకోవద్దు," అని అరిచి, బలవంతపు ముద్ర వేసే ఆజ్ఞ టైప్ చేసింది. ఒక అక్షరం తప్పు పడింది. చెరిపి మళ్లీ కొట్టింది. తెర మీద 'పూర్తయింది' అని వచ్చింది. అంటే పూర్తయినట్టు కర్నెల్‌ను నమ్మించారని మాత్రమే అర్థం. పచ్చదీపం ఇంకా వెలుగుతోంది.

"ఇప్పుడు మామా. పీకు."

లోపల ఏదో జరజర ఈడ్చిన చప్పుడు. అతను బ్యాటరీ బీరువా అంచు మీద కాలు పెట్టి ఎక్కుతున్నాడు. జారాడు. ధబ్బుమని పడ్డ చప్పుడు. నల్లమ్మ కొడవలి పిడితో గోడ కొట్టింది, కొట్టింది, జవాబు వచ్చేదాకా కొట్టింది.

"చేయి అందినాది. ఊడి రాలే," అన్నాడు మారప్ప. గొంతు ఎండిపోయి గరగరమంటోంది. "కొక్కెం ఏందో పట్టుకోని ఉండాది. చేతులు చెమటకు జారతాండాయి."

"దాని పక్కన నాలుక మాదిరి ఒకటి ఉంటాది. అది నొక్కి లాగల్ల మామా. వేలితో కాకపోతే బ్రష్షు కట్టెతో నొక్కు."

తెర మీద వేడి యాభై నాలుగు. వీరేశ్ తాళంచెవి పట్టుకున్న చేతిని రెండో చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఆఫీసర్ తన మనుషులను షట్టర్ ముందు వరసగా నిలబెట్టాడు.

టక్ మని చిన్న చప్పుడు.

వెంటనే స్పీకర్‌లో పెద్దగా గాలి చప్పుడు వచ్చింది. బుస్సుమని, ఆగకుండా. వీరేశ్ "అయ్యో" అని కూర్చుండిపోయాడు. నల్లమ్మ కొడవలి పారేసి ఒట్టి చేతులతో షట్టర్ అడుగు అంచు పట్టుకుని పైకి లాగడం మొదలుపెట్టింది.

"మామా! మామా!"

జవాబు లేదు. మంజుశ్రీ తెర వైపు తిరిగింది. గ్యాస్ అంకె ఉన్నచోట రెండు గీతలు. పక్కన సిలిండర్ల గుర్తు మూసే ఉంది. గాలి మూతలు తెరుచుకున్నాయి. ఫ్యాను తిరుగుతోంది. ఆ బుస్సుమన్నది బయటి గాలి లోపలికి వస్తున్న చప్పుడు. ఆమె అల్మారా మీదున్న షట్టర్ బటన్‌ను అరచేత్తో కొట్టింది. షట్టర్ కదిలింది. నల్లమ్మ అది తనే ఎత్తుతున్నట్టు దాంతోపాటే పైకి లేచింది.

తలుపు తెరుచుకుంది. లోపలి నుంచి వచ్చిన వేడికి ముందున్నవాళ్లు మొహాలు తిప్పుకున్నారు. మారప్ప గడప దగ్గర బోర్లా పడి ఉన్నాడు. ఊడిన వైరు అతని పిడికిలిలోనే ఉంది. ఫైరింజన్ మనుషులు చంకల కింద చేతులు వేసి బయటికి లాగారు. మొహం మీద నీళ్లు కొడితే కళ్లు తెరిచాడు. పైన ఆకాశం తెల్లగా మండుతోంది. కళ్లు చికిలించుకుని కూడా దాన్నే చూశాడు, పక్కకు తిరగమన్నా తిరగలేదు. ఆఫీసర్ చేతి మీటరు పట్టుకుని లోపలికి వెళ్లి వచ్చాడు. గ్యాస్ లేదు. ఎప్పుడూ లేదేమో కూడా.

ధనలక్ష్మి ఇంకా ఫోన్‌లోనే ఉంది. "మంజుశ్రీ? చెప్పు మే, ఏమయింది?" అని అడుగుతోంది. మంజుశ్రీ ఫోన్ తీసుకుంది. మారప్ప దగ్గే చప్పుడు వినిపించేలా ఫోన్ అతని వైపు పట్టుకుంది.

పావగడ ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించి, మర్నాడు ఇంటికి పంపారు. మారప్ప ఇంటికి వచ్చాడు కానీ ఇంట్లోకి రాలేదు. వాకిట్లో నులకమంచం వేయించుకున్నాడు. స్నానాల గది తలుపు వేసుకోలేక చీకటి పడ్డాక దొడ్లో పోసుకుంటున్నాడు. బస్సు ఎక్కబోయి, తలుపు మూయగానే అరిచి దిగిపోయాడట. నల్లమ్మ ఇవన్నీ ఏడవకుండా, ఎవరి సంగతో చెబుతున్నట్టు మంజుశ్రీకి చెప్పింది.

"పని మానేయమని చెప్పు అత్తా. కొన్నాళ్లు."

"మానేసి యాడికి పోతాడు? చేను పార్కుకిస్తిమి, పలకల కింద ఉండాది. గొర్రెలు అమ్మేసి శానా రోజులాయె. పోవల్లంటే దావ యాడుండాది?" అంది నల్లమ్మ. "నాతో గడ్డి కోసేకి రమ్మన్నా. ఆడయితే తలుపుల్లేవు."

మిగతా కంటైనర్లలోనూ అదే డ్రైవర్ ఉంది. ఒకసారి పని చేసింది కదా, వాటికీ ఆపకుండానే ప్యాచ్ వేసేయండి, సాయంత్రం సప్లయ్ తగ్గకూడదు అని పైనుంచి మాట వచ్చింది. మంజుశ్రీ వేయనంది. ఆపి, ఖాళీ చేసి, కాంట్రాక్టర్ తాళంచెవి తెప్పించి గూడు తెరిచి, సిలిండర్లు వదలకుండా పిన్ను పెట్టి, మొదటి నుంచి ఆన్ చేస్తానంది. ఉద్యోగం పోతుందేమోనన్న భయం ఆమెకు ఉంది. ఆమె ఒక్కతే అని ఉంటే ఏమయ్యేదో. కానీ వీరేశ్ ఆ రోజే వెల్డర్‌ను పిలిపించి, ఎవరి అనుమతీ అడగకుండా మూడో కంటైనర్ షట్టర్ కోయించేశాడు. ఆ తర్వాత మిగతావి. కోసిన షట్టర్లను దారి పక్కన పారేయించి, పైఅధికారికి ఫోన్ చేసి, "ప్లాంట్ ఆపతాండాం సార్," అని మాత్రం చెప్పి పెట్టేశాడు. అతన్ని ఇంకో చోటికి మారుస్తారని అందరూ అనుకుంటున్నారు. ఇంకా మార్చలేదు.

మూడో కంటైనర్‌లో కొత్త సెన్సార్ బిగించే రోజు మంజుశ్రీ సామాను పట్టుకుని తలుపు దాకా వచ్చి ఆగిపోయింది. తలుపుకు అడ్డం ఏమీ లేదు, షట్టర్ లేదు, సిలిండర్ల పిన్ను తన చేత్తోనే పెట్టింది. అయినా కాలు ముందుకు పడలేదు. లోపలి సందు, రెండు పక్కలా బీరువాలు, పైకప్పు కింద తెల్ల డబ్బా. వెనక్కి తిరిగి వీరేశ్‌కు ఏదో ఒకటి చెప్పేద్దామనుకుంది.

పలకల సందులోంచి నల్లమ్మ వచ్చింది. నెత్తి మీది గడ్డి మోపు దించి పక్కన పెట్టింది. మంజుశ్రీ మొహం ఒకసారి చూసి, గడప మీద కూర్చుంది. ఒక కాలు లోపల, ఒక కాలు బయట. తెరిచిన తలుపుకు వీపు ఆనించి, కొంగుతో మెడ తుడుచుకుంది.

"పో, పని చూసుకో," అంది. "నేను లేచేదాకా ఇది మూసుకోదు."

మంజుశ్రీ లోపలికి వెళ్లింది. బీరువా అంచు మీద కాలు పెట్టి ఎక్కి, సెన్సార్ మరలు విప్పడం మొదలుపెట్టింది. ఒక మర జారి కింద పడింది. దిగి వెతుక్కుంది, మళ్లీ ఎక్కింది. పని మామూలు కంటే చాలా ఆలస్యమైంది. మధ్యమధ్య ఆమె తల తిప్పి చూసుకుంటోంది. నల్లమ్మ ఎండలోకి చూస్తూ, కదలకుండా అక్కడే కూర్చుని ఉంది.